మెషిన్ కన్నా ముందు చెయ్యి: డయాలసిస్‌కు రక్తమార్గం, ఒక సమీక్ష

కొత్త డయాలసిస్ సెంటర్ తెరిచినప్పుడల్లా ఎన్ని మెషిన్లు, ఎన్ని పడకలు, రోజుకు ఎన్ని షిఫ్టులు అన్న లెక్కలే వినపడతాయి. ఆ మెషిన్ దాకా రక్తం ఏ దారిన వస్తోందని అడిగేవాళ్లు తక్కువ. డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి మాత్రం రోజూ ఉండే బెంగ అదే. మెషిన్ పాడైతే పక్క మెషిన్ మీద చేస్తారు. చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోతే దానికి బదులు దొరకడం అంత తేలిక కాదు. ఫిస్టులా చేయగల చోట్లు ఒంట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఒక్కోటి పోయినకొద్దీ మనిషి ఆయుష్షు మీద దెబ్బ పడుతూ ఉంటుంది.

డాక్టర్లు వాస్క్యులర్ యాక్సెస్ అని పిలిచే ఈ రక్తమార్గం గురించి గత అరవై ఏళ్లలో వైద్యం ఏం నేర్చుకుంది, ఏం ఇంకా తేల్చుకోలేదు, అందులో మన రెండు తెలుగు రాష్ట్రాలకు పనికొచ్చేది ఏమిటి అన్నది ఈ వ్యాసం విషయం.

ఎంత రక్తం కావాలి?

మన సెంటర్లలో రక్తం పంపును సాధారణంగా నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల వేగంతో తిప్పుతారు. 300 అనుకుంటే నాలుగు గంటల్లో 72 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం సుమారు ఐదు లీటర్లు. అంటే ఒక్క సెషన్‌లో ఆ రక్తమంతా పద్నాలుగు సార్లు, దాన్ని వడకట్టే డయలైజర్ గుండా వెళ్లి వస్తుంది.

యూరియా లాంటి వ్యర్థాలు ఎంత పోతాయన్నది ఈ వేగం, డయలైజర్ సామర్థ్యం, మెషిన్ మీద గడిపిన సమయం కలిసి తేలుస్తాయి. దాన్ని కొలవడానికి 'కేటీ బై వీ' అనే లెక్క ఉంది. వారానికి మూడు సెషన్లు చేయించుకునేవాళ్లకు ఒక్కో సెషన్‌లో ఇది 1.2 కన్నా తగ్గకూడదని, 1.4ను లక్ష్యంగా పెట్టుకోవాలని ప్రమాణం. మన దగ్గర చాలామందికి వారానికి రెండు సెషన్లే జరుగుతాయి. కాబట్టి జరిగిన ఆ రెండింటిలోనైనా ఫ్లో సరిగ్గా అందాలి. దారి ఇరుకై పంపును 180కో 200కో తగ్గించాల్సి వస్తే, నాలుగు గంటలూ పడుకున్నా రావాల్సిన ఫలితం రాదు.

అలాగని వేగమే సర్వస్వం కాదు. అమెరికాలో పంపును 400 దాకా తిప్పడం మామూలు. జపాన్‌లో 200 దగ్గర తిప్పుతారు. అయినా ప్రపంచంలో డయాలసిస్ రోగులు ఎక్కువ కాలం బతికే దేశాల్లో జపాన్ ముందుంటుంది. అక్కడ సుమారు తొంభై శాతం రోగులకు ఫిస్టులా ఉండటం గమనించాల్సిన సంగతి. ఆరోగ్యంగా ఉన్న దారిలోంచి నిలకడగా వచ్చే ప్రవాహం, చాలినంత సమయం: ఈ రెండూ కలిస్తేనే మంచి డయాలసిస్.

ఇంత రక్తాన్ని మామూలు చేతి సిర ఇవ్వలేదు. పంపు లాగగానే దాని పల్చటి గోడలు ముడుచుకుపోతాయి. ధమనిలో ఒత్తిడి ఉంటుంది కానీ అది లోతుగా ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లు పెద్ద సూదులు గుచ్చితే తట్టుకోదు. పైగా మణికట్టు దగ్గరి రేడియల్ ధమనిలో, చెయ్యి కదలకుండా ఉన్నప్పుడు, నిమిషానికి 20, 30 మిల్లీలీటర్లే ప్రవహిస్తాయి. ఈ చిక్కును విప్పడానికి పట్టిన కాలమే దీర్ఘకాల డయాలసిస్ చరిత్ర.

గాజు గొట్టం నుంచి ఫిస్టులా దాకా

మనిషి మీద మొదటిసారి డయాలసిస్ చేసింది జర్మనీలోని గీసెన్‌లో గేయోర్గ్ హాస్, 1924లో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ పట్టణంలో విల్లెం కోల్ఫ్ 1943లో తిరిగే డ్రమ్ముతో కృత్రిమ కిడ్నీ నడిపాడు. మెషిన్ పనిచేసింది. దారే మిగల్లేదు. ఒక్కోసారి ఒక్కో రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాలి, సెషన్ అయ్యాక దాన్ని కట్టేయాలి. కొన్నాళ్లకు పెట్టడానికి చోటే ఉండేది కాదు. అందుకే కొద్ది వారాల్లో కిడ్నీలు కోలుకునే అవకాశం ఉన్నవాళ్లకే డయాలసిస్ పరిమితమైంది. కిడ్నీలు శాశ్వతంగా పోయినవాళ్లకు ఆశ లేదు.

1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్, ఇంజినీర్ వేన్ క్వింటన్‌తో కలిసి టెఫ్లాన్ గొట్టాలతో షంట్ తయారుచేశాడు. ఒక గొట్టం ధమనిలో, ఇంకొకటి సిరలో ఉంచి, రెండు కొసలూ చర్మం బయటికి తెచ్చి, సెషన్ లేనప్పుడు వాటిని కలిపేసేవారు. రక్తం ఆగకుండా తిరుగుతుండటంతో గొట్టంలో గడ్డకట్టేది కాదు. ఆ ఏడాది మార్చిలో షంట్ వేయించుకున్న క్లైడ్ షీల్డ్స్ అనే రోగి మరో పదకొండేళ్లు బతికాడు. కిడ్నీలు పోయినా మనిషి ఏళ్ల తరబడి బతకగలడని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. కానీ బయటికి వేలాడే గొట్టం ఊడిపోయేది, చీము పట్టేది, మూసుకుపోయేది.

అసలు మలుపు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ హాస్పిటల్లో వచ్చింది. మైకేల్ బ్రెస్షియా, జేమ్స్ సిమినో, సర్జన్ కెన్నెత్ ఆపెల్ మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ చర్మం కిందే కలిపి కుట్టేశారు. బయటి వస్తువేదీ ఒంట్లో లేదు. ధమని రక్తం సిరలోకి దూకుతుంది, సిర లావెక్కుతుంది, అక్కడ సూది గుచ్చితే చాలు. 1966లో వాళ్లు ప్రచురించిన ఆ పద్ధతే ఇవాళ్టికీ ప్రపంచమంతా చేస్తున్న ఫిస్టులా ఆపరేషన్‌కు పునాది. సన్నటి సిరలున్నవాళ్ల కోసం 1970లలో ధమనికీ సిరకూ మధ్య పీటీఎఫ్ఈ అనే కృత్రిమ పదార్థపు గొట్టం వేసే గ్రాఫ్ట్ వచ్చింది. మెడ సిరలోకి చర్మం కింద సొరంగంలా తీసి వేసే, మన రోగులు పెర్మక్యాత్ అని పిలిచే కాథెటర్ ఆ తర్వాతిది.

ప్రవాహమే సిరను తయారు చేస్తుంది

ధమనుల్లో రక్తాన్ని అదుపులో పెట్టేవి వాటి కొసన ఉండే సన్నటి నాళికలు, కేశనాళికలు. ఫిస్టులాతో రక్తం వాటిని దాటేసి నేరుగా సిరలో పడుతుంది. తూములన్నిటినీ తప్పించి కాలువకు గండి కొట్టినట్టన్నమాట. నిమిషానికి 20, 30 మిల్లీలీటర్లున్న రేడియల్ ప్రవాహం ఆపరేషన్ అయిన కాసేపటికే 200, 300కు పెరుగుతుంది. కొన్ని వారాల్లో 600 నుంచి 1000 దాకా చేరుతుంది.

ఈ పెరుగుదల వెనక ఉన్నది రక్తం గోడను రాసుకుంటూ పోయే ఒరిపిడి. ఒరిపిడి పెరిగితే లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది. నాళం వెడల్పవుతుంది, గోడ మందమవుతుంది. ఒరిపిడి మళ్లీ మామూలు స్థాయికి వచ్చేదాకా ఈ మార్పు సాగుతుంది. గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాయిజెయ్ పందొమ్మిదో శతాబ్దంలోనే చూపించాడు. మిగతావన్నీ సమానమైతే వెడల్పు రెట్టింపైన గొట్టంలో ప్రవాహం పదహారు రెట్లు. ఆపరేషన్‌కు ముందు స్కానింగ్‌లో సిర వెడల్పును మిల్లీమీటర్లలో అంత జాగ్రత్తగా కొలవడం ఇందుకే.

సూది గుచ్చడానికి సిద్ధమైన, అంటే పండిన ఫిస్టులాను గుర్తించడానికి డాక్టర్లు ఆర్ల సూత్రం వాడతారు. సుమారు 6 వారాలకు ప్రవాహం నిమిషానికి 600 మిల్లీలీటర్లు దాటాలి, సిర వెడల్పు 6 మిల్లీమీటర్లు ఉండాలి, చర్మం నుంచి లోతు 6 మిల్లీమీటర్లకు మించకూడదు. అన్ని ఫిస్టులాలూ ఈ పరీక్షలో నెగ్గవు. అమెరికాలో 877 మందిపై చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో క్లోపిడోగ్రెల్ మాత్ర ఫిస్టులా మొదట్లోనే గడ్డకట్టడాన్ని తగ్గించింది. అయినా డయాలసిస్‌కు పనికిరాని ఫిస్టులాలు మాత్ర వాడినవాళ్లలోనూ, వాడనివాళ్లలోనూ అరవై శాతం దగ్గరే ఉన్నాయి. గడ్డ కట్టకుండా చూడటం, సిర ఎదిగేలా చేయడం వేరువేరు సమస్యలని ఆ ఫలితం తేల్చింది. చేప నూనె, ఆస్పిరిన్‌తో చేసిన ప్రయత్నాలూ ఫిస్టులా వైఫల్యాన్ని తగ్గించలేదు. ఎదగడానికి మందు ఇవాళ్టికీ లేదు. సరైన నాళాన్ని ఎంచుకోవడం, అనుభవమున్న సర్జన్ చెయ్యి, తొందరపడని సమయం: ఉన్న సాధనాలు ఇవే.

సూది గుచ్చే ముందు అయిదు నిమిషాలు

మంచి టెక్నీషియన్ పనిని దగ్గరగా చూస్తే ఈ శాస్త్రమంతా ఆ అయిదు నిమిషాల్లో కనిపిస్తుంది. రోగి చెయ్యి సబ్బుతో కడుక్కుని వస్తాడు. టెక్నీషియన్ ఫిస్టులా పొడవునా వేళ్లు ఆనించి చూస్తాడు. సన్నగా, ఎడతెగకుండా జుమ్మనే కదలిక, అదే థ్రిల్, తగలాలి. అది పోయి నాడిలా టంగుటంగున కొట్టుకుంటోందంటే ముందు దారిలో ఎక్కడో ఇరుకు ఉన్నట్టు. చేతిని గుండె కన్నా పైకి ఎత్తిస్తాడు. ఉబ్బిన సిర అణగాలి. అణగకపోతే రక్తం గుండె వైపు తేలిగ్గా పోవడం లేదు. తర్వాత సిరను పైభాగాన ఒక్క క్షణం నొక్కుతాడు. కింద నాడి గట్టిపడాలి. గట్టిపడకపోతే ధమని వైపు నుంచి రావలసినంత రావడం లేదు.

ఆ తర్వాతే రెండు సూదులు: ఒకటి రక్తం తీయడానికి, ఇంకొకటి తిరిగి ఇవ్వడానికి. పంపు మెల్లగా 250, 300కు చేరుతుంది. టెక్నీషియన్ కళ్లు వీనస్ ప్రెషర్, అంటే రక్తం తిరిగి వెళ్లే దారిలోని ఒత్తిడి, అంకె మీద ఉంటాయి. గత కొన్ని సెషన్లుగా అది పెరుగుతూ వస్తోందా? సూది తీశాక రక్తం ఆగడానికి మునుపటి కన్నా ఎక్కువ సేపు పడుతోందా? ఇవన్నీ లోపల ఇరుకు పెరుగుతోందనడానికి ముందస్తు హెచ్చరికలు.

ఫిస్టులాలో వచ్చే రక్తం పంపు లాగేదానికన్నా తగ్గితే, శుభ్రపడి వెళ్లిన రక్తమే వెనక్కి తిరిగి మళ్లీ మెషిన్లోకి వస్తుంది. మెషిన్ అంకెలన్నీ బాగానే ఉంటాయి, యూరియా మాత్రం దిగదు. ఫిస్టులా ప్రవాహం నిమిషానికి 500 మిల్లీలీటర్ల కన్నా, గ్రాఫ్ట్‌లో 600 కన్నా తక్కువకు పడిపోతే ఇరుకు కోసం వెతకాలన్నది చాలాకాలంగా ఉన్న సూచన. ప్రవాహాన్ని కొలిచే పరికరాలున్నాయి. కానీ వాటితో నెలనెలా కొలిచినందువల్ల ఫిస్టులాల ఆయుష్షు పెరుగుతుందన్న రుజువు బలంగా లేదు. 2019లో అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ సవరించిన మార్గదర్శకాలు చూపు, స్పర్శ, స్టెతస్కోప్‌తో క్రమం తప్పకుండా చేసే పరీక్షకే పెద్దపీట వేశాయి. ఖర్చులేని ఆ పరీక్షను మన జిల్లా సెంటర్లలో ప్రతి సెషన్‌కూ చేయవచ్చు.

సూది గుచ్చే చోటు కూడా ముఖ్యమే. నొప్పి తక్కువని ఒకేచోట పదేపదే గుచ్చితే గోడ పల్చబడి బుడగలా ఉబ్బుతుంది. పొడవునా చోటు మారుస్తూ గుచ్చాలి. ఒకే రంధ్రంలో మొద్దు సూది పెట్టే బటన్‌హోల్ పద్ధతిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువని తేలడంతో, దాన్ని ప్రత్యేక సందర్భాలకే పరిమితం చేస్తున్నారు.

మూడు దారులు, మారిన తీర్పు

ఫిస్టులా, గ్రాఫ్ట్, కాథెటర్. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు చాలాకాలం ఒకటే జవాబు ఉండేది. 62 అధ్యయనాలను కలిపి 2013లో ప్రచురించిన సమీక్షలో, ఫిస్టులా ఉన్నవాళ్లతో పోలిస్తే కాథెటర్ మీద ఉన్నవాళ్లలో మరణాల ముప్పు ఒకటిన్నర రెట్లు, ఇన్ఫెక్షన్‌తో మరణించే ముప్పు రెండు రెట్లకు పైగా కనిపించింది. మెడ దగ్గరి గొట్టం గుండె పక్కదాకా తెరిచిన ద్వారం. దాని గుండా స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే గుండె కవాటాల మీదా వెన్నెముకలోనూ స్థిరపడవచ్చు. పైగా కాథెటర్ ఉన్న పెద్ద సిర క్రమంగా ఇరుకవుతుంది. కాలర్ బోన్ కింద సబ్‌క్లేవియన్ సిరలో వేస్తే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. రేపు ఆ వైపు చేతికి ఫిస్టులా వేసినా చెయ్యంతా వాచిపోతుంది. ఈ రోజు తొందరలో వేసిన గొట్టం, పదేళ్లు పనిచేయాల్సిన చేతిని చెడగొట్టగలదు.

అమెరికా 2003లో 'ఫిస్టులా ఫస్ట్' ఉద్యమం మొదలుపెట్టింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో మూడో వంతుకు అటూ ఇటుగా ఉన్న ఫిస్టులాల వాడకం పదేళ్లలో అరవై శాతం దాటింది. కానీ కొత్తగా డయాలసిస్‌కు వచ్చేవాళ్లలో పదింట ఎనిమిది మంది కాథెటర్‌తోనే మొదలుపెట్టడం మారలేదు. ఇంకో సందేహమూ పుట్టింది. ఫిస్టులా నిలిచేది సాధారణంగా ఆరోగ్యం కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లకే. అలాంటప్పుడు వాళ్లు ఎక్కువ కాలం బతకడం ఫిస్టులా వల్లా, అసలు ఆరోగ్యం వల్లా? 2017లో వచ్చిన ఒక అధ్యయనం ఆ మేలులో ఎక్కువ భాగం రోగి పరిస్థితిదేనని వాదించింది. నేనైతే ఆ వాదనను సగమే ఒప్పుకుంటాను. ఎనభై ఏళ్ల వయసులో గుండె బలహీనంగా ఉన్న మనిషికి వరసగా మూడు ఆపరేషన్లు చేసి ఫిస్టులా తెప్పించాలనుకోవడం మొండితనమే. కాథెటర్ ఇన్ఫెక్షన్లు మాత్రం గణాంకాల మాయ కాదు.

2019 మార్గదర్శకాలు 'అందరికీ ఫిస్టులా' అన్న మాటను వదిలి, ఒక్కో రోగికీ జీవితకాల ప్రణాళిక ఉండాలన్నాయి. వయసు, గుండె, కిడ్నీ మార్పిడి అవకాశం, పొట్ట ద్వారా చేసే పెరిటోనియల్ డయాలసిస్ వీలు, మిగిలిన సిరలు అన్నీ చూసి ఇప్పటి దారితోపాటు తర్వాతి దారినీ ముందే ఆలోచించాలి. ఫిస్టులాలో ప్రవాహం మరీ ఎక్కువైనా ముప్పే. ప్రవాహం నిమిషానికి రెండు లీటర్ల దాకా పోతే గుండె మీద భారం పడుతుంది. రక్తమంతా సిరలోకే పోతే వేళ్లు చల్లబడి నొప్పి పుడతాయి. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

ఇరుకుతో పోరాటం

సిరను పెంచిన ప్రవాహమే దాన్ని చెడగొడుతుంది కూడా. కుట్టు దగ్గర, మలుపుల దగ్గర రక్తం సాఫీగా పోకుండా సుడులు తిరిగేచోట లోపలి పొర పెరిగి దారిని మూస్తుంది. మణికట్టు ఫిస్టులాలో కుట్టుకు దగ్గరగా, పై చేతి ఫిస్టులాలో భుజం దగ్గరి వంపులో, గ్రాఫ్ట్‌లో అది సిరతో కలిసేచోట ఇరుకు ఎక్కువగా వస్తుంది. వ్యాసం సగానికి తగ్గేదాకా ప్రవాహం పెద్దగా పడిపోదు. ఆ గీత దాటితే వేగంగా పడుతుంది. సెషన్‌లో నీరు ఎక్కువ తీసి బీపీ ఒక్కసారి పడిపోయినా ఇరుకైన ఫిస్టులా మూసుకుపోవచ్చు. రెండు సెషన్ల మధ్య నీళ్లు అదుపులో ఉంచుకోవడం చేతిని కాపాడుకోవడం కూడా.

ఇరుకును బెలూన్‌తో వెడల్పు చేయడం స్థిరపడిన చికిత్స. మందు పూసిన బెలూన్‌తో 2020లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో ఆరు నెలలకు దారి తెరిచి ఉన్నవాళ్లు 82 శాతం, మామూలు బెలూన్‌తో సుమారు 60 శాతం. మరుసటి ఏడు బ్రిటన్‌లో చేసిన ట్రయల్‌లో అలాంటి తేడా కనపడలేదు. ఖరీదైన బెలూన్ అందరికీ వాడాలనడానికి ఆధారం ఇంకా చాలదు. కోత లేకుండా రక్తనాళం లోపలి నుంచే ఫిస్టులా చేసే పరికరాలకు అమెరికా 2018లో అనుమతి ఇచ్చింది. కాథెటర్‌లో నింపే టారోలిడిన్, హెపారిన్ ద్రావణం ఇన్ఫెక్షన్లను గణనీయంగా తగ్గించడంతో 2023లో అక్కడే అనుమతి వచ్చింది. ఇవి ఆశ కలిగించే మార్గాలే. మన దగ్గర పోతున్న ప్రాణాలకు కారణం మాత్రం ఈ పరికరాలు లేకపోవడం కాదు, ఆలస్యం.

మన దగ్గర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, కేంద్రం 2016లో ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదవాడికి మెషిన్‌ను అందుబాటులోకి తెచ్చాయి. ఒకప్పుడు ఇల్లూ పొలమూ అమ్ముకుని నగరానికి పరుగెత్తిన కుటుంబాలు ఇప్పుడు జిల్లా కేంద్రంలో, కొన్నిచోట్ల ఏరియా ఆస్పత్రిలోనే డయాలసిస్ చేయించుకుంటున్నాయి. ఇది నిజంగా గొప్ప మార్పు.

అయినా మన రోగుల్లో ఎక్కువమందికి మొదటి డయాలసిస్ జరిగేది ఆయాసంతో, వాపులతో, అత్యవసర పరిస్థితిలో, మెడకు వేసిన తాత్కాలిక గొట్టంతో. సొరంగం లేని ఆ గొట్టం రెండు వారాలకు మించి ఉంచకూడదని మార్గదర్శకాలు చెప్తాయి. ఫిస్టులా అప్పుడు వేస్తే పండటానికి నెలన్నరో రెండు నెలలో పడుతుంది. ఈలోపు గొట్టం నెలల తరబడి ఉండిపోతుంది, జ్వరాలొస్తాయి, ఇంకో వైపు ఇంకో గొట్టం వేస్తారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఈ విషయంలో ఆలోచింపజేసే ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు గ్రామాల్లో కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి. ఆ జబ్బు నెమ్మదిగా, ఏళ్ల తరబడి ముదురుతుంది. రోగుల్లో షుగర్ లేనివాళ్లు ఎక్కువ. షుగర్ వల్ల గట్టిపడిన ధమనుల సమస్య వాళ్లలో తక్కువే ఉంటుంది కాబట్టి, ముందుగా చేస్తే ఫిస్టులా నిలిచే అవకాశాలు మెరుగు. క్రియాటినిన్ పరీక్షలు ఊరూరా చేస్తున్న ప్రాంతంలో ఎవరి కిడ్నీ ఏ దశలో ఉందో ముందే తెలుస్తుంది. ఆ సమాచారం రక్తనాళాల సర్జన్ దాకా వెళ్లాలి. మొదటి సెషన్‌కే పండిన ఫిస్టులాతో రోగి రావడం దేశంలో ఎక్కడైనా సాధ్యమైతే అది ముందు ఉద్దానంలో కావాలి.

ఏం చేయాలి?

ఈ సమీక్ష నుంచి నాకు తేలిన తీర్పు ఒక్కటే. డయాలసిస్ పథకాన్ని మెషిన్ల సంఖ్యతో కొలవడం మానాలి. కొత్త రోగుల్లో ఎంతమంది పండిన ఫిస్టులాతో మొదలుపెట్టారు, మూడు నెలల తర్వాత ఇంకా కాథెటర్ మీద ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది? ఈ మూడు అంకెలను ప్రతి సెంటర్ నెలనెలా రాయాలి, ప్రభుత్వం బయటపెట్టాలి. కిడ్నీ పనితీరు 15, 20 శాతానికి పడిపోయి ఇంకా తగ్గుతున్నవాళ్లను నెఫ్రాలజిస్టు సర్జన్ దగ్గరికి పంపాలి. ఫిస్టులా ఆపరేషన్, దానికి ముందు డాప్లర్ స్కాన్, తర్వాత బెలూన్ చికిత్స జిల్లా స్థాయిలో దొరకాలి. టెక్నీషియన్లకు చేతిని పరీక్షించే శిక్షణ ఇవ్వాలి.

పాఠకులకు కూడా ఒక మనవి. మీ ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ పెరుగుతూ ఉంటే, కుడిచేతి వాటం ఉన్నవాళ్లయితే ఎడమ చేతిని ఇప్పటినుంచే కాపాడండి. ఆ చేతి ముంజేతి సిరలో సెలైన్ ఎక్కించనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. తప్పనిసరైతే అరచేతి వెనక సిరను వాడమని అడగండి. ఫిస్టులా వేశాక ఆ చేతికి బీపీ పట్టీ, బిగుతు గాజులు, గడియారం, బిగుతు జాకెట్టు చేతులు వద్దు. ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దు, బరువు సంచి వేలాడదీయొద్దు. రోజూ పొద్దున్నే లేవగానే వేళ్లు ఆనించి థ్రిల్ చూసుకోవాలి. అది తగలకపోతే తర్వాతి సెషన్ దాకా ఆగకుండా ఆ గంటలోనే ఆస్పత్రికి బయల్దేరాలి. గడ్డ కట్టిన ఫిస్టులాను త్వరగా పట్టుకుంటే తెరవడం చాలాసార్లు సాధ్యమే. రోజులు గడిస్తే ఆ అవకాశం పోతుంది.